సంతకాల పుస్తకంలో నూలుపోగు

మా మేనత్త పోయిందన్న కబురు ఆదోనిలో నాకు తరగతి మధ్యలో అందింది. ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు వచ్చిన మా తమ్ముడు బడి వరండాలో నిలబడి, "అక్కా, అత్త పొద్దున్నే పోయింది. మగ్గం ముందర కూర్చోనుండంగానే పోయింది" అన్నాడు. నా చేతిలో సుద్దముక్క ఉంది. పిల్లలంతా నా ముఖం చూస్తున్నారు. అప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట తలచుకుంటే ఇప్పటికీ నాకే విడ్డూరంగా ఉంటుంది. "పోగేమన్నా తెగిందా?" అని అడిగాను. వాడు నేతగాడి కొడుకు, వాడికి అర్థమైంది. "లేదక్కా. అడ్డపోగు నాడె పక్కన పెట్టి, తల వాల్చింది" అన్నాడు.

ఆమె మా నాయనకు అక్క. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో పుట్టి, అదే వీధిలో నాలుగిళ్ల అవతలికి కాపురానికి పోయిన మనిషి. అక్షరం ముక్క రాదు. నేను ఆదోని ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పే పంతులమ్మను. మా ఇద్దరిలో ఒక పాత తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించింది ఎవరయ్యా అంటే, అచ్చయిన పుస్తకం అట్ట మీద నా పేరే ఉంటుంది. అది సగం నిజం. మిగిలిన సగం చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా నలిపి అతకాలి. వేల పోగులుంటాయి. ఒక్కటి పక్కదానితో తారుమారైనా గుడ్డ మీద తేడా తెలిసిపోతుంది. వీధిలో ఎవరింట్లో పడుగు అతకాలన్నా మా అత్తకే కబురు వచ్చేది. ఆమె వేళ్లకు ఇంత బూడిద అద్దుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్లతో కబుర్లాడుతూనే అతికేది. చూపు ఎక్కడో ఉండేది. ఎవరైనా దారం తెగిందని గోల పెడితే ఆమె మాట ఒకటే. "తెగిందా? తెగనీలే. కొసలు యాడుండాయో సూడు." నాకు కుదిరిన సంబంధం తప్పిపోయినప్పుడు కూడా అదే మాట అంది. ఆ రోజు నాకు ఒళ్లు మండింది. పది రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం ఏమీ జరగనట్టే రోజూ వచ్చి నా జడ అల్లి పోయింది.

అత్త బొడ్డులో ఎప్పుడూ చిన్న నూలుచుట్ట ఉండేది. ఎదురుగా ఎవరి గుడ్డ వేలాడుతున్నా వేళ్ల మధ్య పెట్టి నలిపి చూడకుండా ఉండలేకపోయేది. పెళ్లిళ్లలో ముక్కూమొహం తెలియని ఆడవాళ్ల కొంగులు పట్టుకుని, "ఇది మన దిక్కుది కాదు, గంజి ఎక్కువ పెట్టినారు" అనేది. పక్కన నిలబడిన నేను ఆమె ఎవరో తెలియనట్టు ముఖం తిప్పుకునేదాన్ని.

ఇక మా తాత సంగతి చెప్పాలి. ఆయన ముత్తాతల్లో ఒకాయన, పత్తి గింజ నేలలో పడిన దగ్గర నుంచి చీర మడత పెట్టే దాకా నేతపనంతా ద్విపదలో రాశాడట. ఆ తాళపత్రాల కట్టను దక్షిణానికి వలసపోయిన నేతగాళ్లు తమ వెంట తీసుకుపోయారట. అక్కడి రాజుగారి పుస్తకశాలలో అది ఇప్పటికీ ఉందట. ఇదంతా తాత చెప్పేవాడు. ఆధారం ఏదంటే ఆ కావ్యంలోని చివరి నాలుగు పాదాలు పాడేవాడు. మా ఇంట్లో మిగిలినవి ఆ నాలుగే. వీధి మొత్తం నవ్వేది. మగ్గాల దగ్గర ఎవరైనా కోతలు కోస్తే, "ఏందప్పా, రాజు ఇంట్లో నీ పుస్తకం గూడా ఉండాదా?" అనడం వాడుకైపోయింది. తాత ఆ నవ్వులు వింటూనే పోయాడు. అత్త ఒక్కటే ఎన్నడూ నవ్వలేదు. "మా నాయన అబద్ధం సెప్పేటోడు కాదు" అనేది. అంతకు మించి వాదించేది కాదు.

కర్నూలు మనకు రాజధాని అయిన మరుసటి ఏడు, మా బడికి ఎవరో ఇచ్చిన పాత పుస్తకాల్లో ఒక గ్రంథాల పట్టిక దొరికింది. తమిళదేశంలో ఒకనాటి రాజధానిలో, కోట లోపల ఉన్న తాళపత్ర గ్రంథాలయం వాళ్లు వేసింది. తెలుగు భాగంలో ఒక వరుస దగ్గర నా వేలు ఆగిపోయింది. పత్తి, నేత విషయం. ద్విపద. కర్త పేరు తెలియదు. పత్రాలు నూట పన్నెండు. ఆ చివర ఒక్క మాట: అసంబద్ధం.

మొదటి నాలుగు ముక్కలకు ఎగిరి గంతేశాను, చివరి ముక్కకు కూలబడ్డాను. ఆదోనిలో మా అందరికీ పెద్దదిక్కైన తెలుగు పండితుడికి తీసుకుపోయి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అసంబద్ధమని వాళ్లే రాసినారు గదమ్మా. కూర్పు తెలియనోడు ఎవడో రాసుంటాడు. నిండుగా ఉండి, మొదలూ చివరా పొందికగా ఉంటే తీసుకురా, మనమే అచ్చు వేయిద్దాం. లేకుంటే ఎండలో తిరుగుడే నీకు మిగిలేది" అన్నాడు. మంచి మనిషే. కాని "నేతగాడికి కావ్యమా?" అన్నట్టు ఆయన పెదవి కొంచెం వంగింది. ఆ వంపు నేను మరిచిపోలేదు.

నన్ను ఒంటరిగా పంపడానికి మా నాయన ఒప్పుకోలేదు. అత్త విని, "నేను పోతాండా పాపతో. మా నాయన మాట నిజమో అబద్ధమో నా కండ్లతో సూడాల" అంది. మరి మామకు వంటెవరు చేస్తారని అడిగితే, "ఆయప్పకు సేతులు లేవా?" అంది. ఆ పది రోజులూ మామ జొన్నరొట్టెలు తానే తట్టుకున్నాడు. వాటి ఆకారాల గురించి వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు.

ఆదోని స్టేషనులో పత్తి బేళ్ల సందుల్లోంచి నడిచి మద్రాసు రైలెక్కాం. అక్కడి నుంచి ఇంకో చిన్న రైలు. దారి పొడవునా అత్త ఎన్ని కొంగులు నలిపి చూసిందో లెక్కలేదు. అరవం రాదు, అయినా ఒకామె చీర అంచు పట్టుకుని సైగలతోనే గంటసేపు మాట్లాడింది. దిగేటప్పుడు ఆ అరవామె అత్తకు మల్లెపూలు ఇచ్చి పోయింది.

గ్రంథాలయం చల్లగా, ఎత్తుగా, మసక వెలుతురుగా ఉంది. ఆకులకు పూసే నిమ్మగడ్డి నూనె వాసన. అద్దాల బీరువాల్లో ఎర్రగుడ్డ చుట్టిన కట్టలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఎన్ని వందల ఏళ్లవో. నేను గుడిలోకి వచ్చినట్టు నోరు మూసుకుని నిలబడ్డాను. అత్త దగ్గరున్న ఒక కట్ట గుడ్డ పట్టుకుని నలిపి, "నేత పలసగా ఉండాది. ఇన్ని పుస్తకాలు పెట్టుకోని మంచి గుడ్డ దొరకలేదా ఈళ్లకు?" అంది.

అక్కడి తెలుగు విభాగం చూసే పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. మూడు తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. గ్రంథాల్లోంచి దిగివచ్చినట్టు మాట్లాడేవాడు. "అమ్మా, ఇక్కడి వస్తువులను ముట్టుకొనరాదు. చదువరులకు మాత్రమే అనుమతి" అని అత్తకు తలుపు పక్కన బల్ల చూపించాడు. నాకు ఐదు రోజులు గడువు ఇచ్చాడు.

మొదటి రెండు రోజులు నేను పడిన బాధ చెప్పలేను. కట్ట నిజమే, పత్రాలు నిజమే. కాని ఒక ఆకులో పత్తి ఏరుతుంటే మరుసటి ఆకులో చీర మడత పెడుతున్నారు. ఇంకో ఆకులో రాట్నం, వెంటనే వాన కోసం ఎదురుచూపు. ఎడమ అంచున ఆకుల అంకెలుండే చోటును చెదలు తినేశాయి. ఎప్పుడో దారం పుచ్చి ఆకులు విడిపోతే ఎవరో చేతికి వచ్చినట్టు గుచ్చేశారని నాకు తట్టలేదు. అసంబద్ధమన్న మాటను ముందే నమ్మి కూర్చున్నాను. పాత లిపి కూడబలుక్కుంటూ రోజుకు పది పన్నెండు ఆకుల కన్నా ముందుకు పోలేకపోయాను. సాయంత్రం సత్రంలో అత్త, "నాయన పుస్తకం అదేనా?" అని అడిగితే, "అదో కాదో తెలీదు అత్తా. అదే అయినా పండితుడు అన్నదే నిజం, మన ముత్తాతకు రాయడం రాదు" అన్నాను. ఆ పూట ఆమె రొట్టె ముక్క కూడా ముట్టలేదు.

మూడో రోజు మధ్యాహ్నం. ఎండకు హాల్లో మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. నేను విసుగుతో గట్టిగా చదువుతున్నాను. పోగులను మగ్గానికి ఎక్కించడం, నేయడం మొదలుపెట్టడం ఒక ఆకులో అయింది. తర్వాతి ఆకులో పడుగును వీధిలో సాగదీసి గంజి పెడుతున్నారు. తలుపు పక్క నుంచి పకపకమని నవ్వు వినిపించింది.

"ఏందే పాపా, మగ్గానికెక్కిచ్చినాక గంజి పెడతాండారా?" అంది అత్త.

"అట్లనే రాసినాడు అత్తా."

"రాయడు. నేసేటోడు అట్ల రాయడు. తాగినా రాయడు." ఆమె లేచి నిలబడింది. నవ్వు పోయింది. "సామీ, ఈ ఆకులు ఎవరో కలిపేసినారు. మా నాయన పుస్తకం తప్పు కాదు, గుచ్చినోడిది తప్పు."

పెద్దాయన పట్టిక తెరిచి అసంబద్ధమన్న మాట చూపించాడు. చదవడం రాని మనిషికి చూపించి ఏం లాభమని తోచిందేమో, మళ్లీ మూసేశాడు. "క్రమము తెలియుటకు అంకెలు లేవు గదమ్మా" అన్నాడు, ఈసారి మెత్తగా.

"అంకెలు నాకు యాడొస్తాయి సామీ? మూడువేల పోగులకు ఎవరు అంకెలేసినారు? ఒక్కతూరి ఆ ఆకు ఎలుగుకు పెట్టి సూపిచ్చు."

ఆయన ఒక ఆకు తీసి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత ఇంకొకటి. అత్త మూడు నాలుగు ఆకులు చూసి, "ఇదిగో, దోవ" అంది. ఆకుల్లో పురుగు తొలిచిన చిల్లులున్నాయి. వాటిని నేను రెండు రోజులుగా తిట్టుకుంటున్నాను, అక్షరాలు మింగేశాయని. ఆమె చూసింది వేరే. కట్ట సరిగ్గా ఉన్న రోజుల్లో పురుగు కట్టకు కాపుగా పెట్టిన పై చెక్క నుంచి కొంచెం ఏటవాలుగా తొలుచుకుంటూ పోయింది. కాబట్టి ఒక్కో ఆకులో చిల్లు ముందు ఆకు కన్నా వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది. ఆ జరుగుడు పట్టుకుంటే వరస దొరుకుతుంది.

పెద్దాయన చాలాసేపు ఆమె వేళ్లనే చూశాడు. తర్వాత నేల మీద చాప వేసి, దాని మీద తెల్లటి పంచె పరిచాడు. "నేను అందించెదను, తాము పేర్చుడు" అన్నాడు. ఆయన ఎవరినీ అంతకు ముందు తాము అనడం నేను వినలేదు.

ఆ మధ్యాహ్నం, మరుసటి రోజంతా ఆమె ఆ పంచె ముందు కూర్చుంది. పువ్వు చెక్కిన పై చెక్కతో మొదలుపెట్టింది. చిల్లు మీద చిల్లు పెట్టి, వేలి చివరతో తడిమి, కాదంటే పక్కన పెట్టి, ఔనంటే పేర్చింది. ఒక పురుగు ఆగిన చోట ఇంకొకటి మొదలైతే ఆ రెంటినీ తనే కలుపుకుంది. మధ్యలో రెండుసార్లు మొత్తం తీసి మళ్లీ పేర్చింది. నేను కంగారుపడుతుంటే, "కొసలు దొరికినాయిలే, ఊరుకో" అంది. నాలుగో రోజు గ్రంథాలయం మూసే వేళకు ఆఖరి ఆకు పైన పెట్టి, "సదువు" అంది.

పై ఆకు తీశాను. మొదటి ఆకులో దేవుడి ప్రార్థన ఉండాలి. లేదు. ఏదో చీర మడత, ఏదో సెలవు తీసుకోవడం. నా ప్రాణం ఉసూరుమంది. "తప్పింది అత్తా. ఇది మొదలు కాదు" అన్నాను.

"సదువు అంటాండా గదా."

చదివాను. నా పాటలో తప్పుంటే దారం తెగిందనుకోండి పెద్దలారా, అని అక్షరం అక్షరం కూడగట్టుకుని ఒక పాదం ముగించాను. రెండో పాదానికి నా చూపు ఇంకా పోనేలేదు. అత్త ఎత్తుకుంది. తెగిన చోట ముడి వేసుకుని ముందుకు పాడుకోండి, అని మా తాత పాడే వరసలో, అదే లాగుడుతో పాడింది. మూడో పాదం, నాలుగో పాదం. నేను ఆకు మీద వేలు పెట్టి చూస్తున్నాను. ఒక్క అక్షరం తేడా లేదు. నాలుగో పాదం తర్వాత ఆకు మీద ఉన్నది సంపూర్ణం అన్న మాటే.

మా ఇద్దరికీ ఏడుపు వచ్చింది. పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "మరి ఆది ఏదమ్మా?" అన్నాడు.

"అడుగునుండాది సామీ" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ. "గుడ్డ సుట్టినట్టు పేర్సినా. నేసేకొద్దీ సుట్టుకుంటాం గదా, మొదలు లోపలికే పోతాది. పుస్తకం గూడా అంతే అనుకున్నా." నూట పన్నెండు ఆకులనూ మగ్గం మీద చీర చుట్టినట్టు పేర్చేసింది. పెద్దాయన నవ్వాడు చూడండి, ఆ పాత గోడలు అలాంటి నవ్వు ఎన్నేళ్లకు విన్నాయో. అడుగు ఆకు తీస్తే ప్రార్థన ఉంది. దాని వెనకే పత్తి గింజ ఉంది. ఐదో రోజు పెద్దాయనా నేనూ వంతులవారీగా ఒక్కో ఘట్టం తొలి పాదాలు చదువుకుంటూ పోయాం. వాన తర్వాత మొలక, రాట్నం తర్వాత పడుగు, గంజి తర్వాతే మగ్గం. ప్రతి మలుపులో అత్త, "ఊ, సరే, తర్వాత?" అంటూ, తర్వాత వచ్చేది తనే ముందు చెప్పేసింది.

పెద్దాయన పట్టిక తెచ్చి, అసంబద్ధమన్న మాట మీద ఎర్రసిరా గీత కొట్టి, పక్కన సమగ్రమని రాసి సంతకం పెట్టాడు. నకలు రాయించి ఆదోనికి పంపుతానన్నాడు, పంపాడు కూడా. పేర్చిన ఆకులకు కొత్త దారం గుచ్చబోతుంటే అత్త ఒప్పుకోలేదు. బొడ్డులోని నూలు తీసి, నాలుగు పేటలు పురి పెట్టి తనే గుచ్చింది.

అప్పుడు సందర్శకుల సంతకాల పుస్తకం వచ్చింది. రాజులు, దొరలు, పెద్ద పెద్ద పండితులు సంతకాలు పెట్టిన లావుపాటి పుస్తకం. నేను పెట్టాను. అత్తకు సంతకం రాదని చెప్పగానే అక్కడి నౌకరు సిరాముద్ద తెచ్చాడు.

"ఏలిముద్ర నేనెయ్యను" అంది అత్త. "నేనేం దొంగతనం సేసినానా?"

నౌకరు సిరాముద్ద పక్కన పెట్టాడు. పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించి, నా సంతకం కింద కాగితానికి సూదితో రెండు చిల్లులు పొడిచి, పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపాడు. ఆమెకు చెప్పే పని లేకపోయింది. మిగిలిన నూలుపోగు అందులో దూర్చి, పడుగు కొసలకు వేసే ముడి వేసి, కొస పళ్లతో కొరికింది. పక్కన పెద్దాయన ఏదో రాశాడు. ఏమి రాశాడో చూడబోతే పుస్తకం మూసేశాడు.

నకలు వచ్చాక ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఆ కావ్యాన్ని మూడు మధ్యాహ్నాలు నేను గొంతెత్తి చదివాను. మగ్గాలన్నీ ఆగిపోయాయి. తాతను చూసి నవ్విన ముసలివాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన అయిపోయాక లేచి అత్త దగ్గరికి వచ్చి, "మీ నాయనను శానా మాటలన్న్యాం తల్లీ" అన్నాడు. "అనింటే అనినారులే, మజ్జిగ తాగిపో" అంది అత్త. ఆదోని పండితుడు రెండు రోజుల్లో నకలంతా చదివేశాడని విన్నాను. తర్వాత అచ్చుకాగితాలు ఒక్కొక్కటీ తనే దిద్దాడు. ఆయన పెదవి వంపు నేను క్షమించేశాను.

అచ్చయిన మొదటి ప్రతి అత్త చేతిలో పెడితే, వెనక్కి తిప్పి కుట్టు చూసింది. మొహం చిట్లించింది. నేను గోలపెడుతున్నా వినకుండా అచ్చాఫీసు వాళ్ల దారం కోసేసి తన నూలుతో మళ్లీ కుట్టింది. ఆ ప్రతి ఇప్పుడు నా దగ్గర ఉంది. మిగతా ప్రతులన్నీ విడిపోతున్నాయి గాని ఇది చెక్కుచెదరలేదు.

అత్త దినాలు అయ్యాక గ్రంథాలయం పెద్దాయనకు కార్డు రాశాను. నిన్న జవాబు వచ్చింది. ఆమె నూలు గుచ్చిన కట్ట దారం గట్టిగా ఉందని రాశాడు. ఆ రోజు ముడి పక్కన తాను రాసింది, ఈ గ్రంథమును సక్రమపరచినవారి సంతకము, అన్న మాటలట. ఆ సంతకాల పుస్తకం మొన్ననే నిండిపోయిందట. బీరువాలో పెట్టబోతే ముడి ఉన్న పుట దగ్గర ఎత్తుగా ఉండి మూసుకోవడం లేదట. బరువు పెట్టి అణచడానికి ఆయనకు చేతులు రాలేదట. అందుకే దాన్ని హాలు మధ్యలో బల్ల మీద, ఆ పుట దగ్గరే తెరిచి ఉంచారట.